నల్ల మెహందీ పొట్లం మీద పేరు

ఒక పేరుకు అర్థం తెలిసి కూడా నేను చెప్పలేదు. అప్పట్లో అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూ, సాయంత్రాలు దుకాణాలకు నల్ల మెహందీ పొట్లాలు వేసేవాణ్ని. అంతకుముందు చదివింది కెమిస్ట్రీ.

పంజాగుట్టలో బస్సెక్కిన ఒక దర్జీ నా చేతిలో పుస్తకం చూసి, అలాంటి పొట్లమే తీసి దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక పేరు చూపించాడు.

“రైలు లెక్క ఉన్న గీ పేరేంది అన్నా? పెట్టుకున్న వేలు మండుతుందని మా బీవీ ఒకటే లొల్లి. ఎల్లుండి చెల్లె పెండ్లి. దాని చేతులకు సుత గిదే పెట్టాలె.”

పారా ఫినైలీన్ డయమైన్. జుట్టుకు వేసే రంగులో కలుపుతారు. చర్మం మీద పెడితే బొబ్బలెక్కవచ్చు. నా ఒళ్లోని సంచి నిండా ఆ పొట్లాలే.

“గోరింటాకుకు సైన్సులో పేరు భాయ్. ఏం కాదు,” అన్నాను.

“ఆకే గదా! చదువుకున్నోళ్లు చెప్పినంక ఫికర్ ఎందుకు?” అని నవ్వి, యూసుఫ్‌గూడలో తన దుకాణం ఎక్కడో చెప్పి, బట్టలు కుట్టించుకోవడానికి రమ్మన్నాడు.

పదిహేనేళ్ల తర్వాత వెళ్లాను. బస్సు సంగతి చెబితే కత్తెర పక్కన పెట్టాడు.

“చెల్లె చేతులకు గుడ్డలు చుట్టి కూసోపెట్టినం పెండ్లిల. నీకు సుత తెల్వదేమో అనుకున్న.”

“తెలుసు భాయ్. అప్పట్లో ఆ పొట్లాలు అమ్మేది నేనే. తెలిసే అబద్ధమాడాను. క్షమించండి.”