ట్వైలా డబ్బాలు, మూడు కాళ్ల కుక్క

ట్వైలా హెన్షా ఇంట్లో ఏ డబ్బాకూ లేబుల్ ఉండదు.

ఆమె గురించి ఏం చెప్పాలన్నా ముందు ఈ సంగతి చెప్పాలి. వంటగది అలమారా తీస్తే పై అర నుంచి కింది అర దాకా తళతళా మెరిసే బోడి డబ్బాలే. కాగితం లేదు, బొమ్మ లేదు, పేరు లేదు. లోపల బీన్సా, బఠాణీలా, పీచ్ పళ్లా అన్నది తెరిచినవాళ్ల అదృష్టం. ఇంట్లో అయిదుగురు పిల్లలు. వాళ్ల చదువు ఇంట్లోనే, పంతులమ్మ ట్వైలాయే. వచ్చే జీతం ఒక్కటే, అది గ్యాసు లారీ నడిపే లోవెల్‌ది. "కాగితం తింటామా ఏంటి?" అనేది ఆమె వాదన. దానికి ఎదురు చెప్పడం మిస్సోరీ కొండల్లోని ఆ చిన్న ఊళ్లో ఎవరికీ చేతకాలేదు.

భర్త లోవెల్ నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున్నే ఓట్స్ జావలోకి పళ్ల ముక్కలు వస్తాయని ఆశపడి కూర్చుంటే బీట్‌రూట్ వచ్చేది. రాత్రి జింక మాంసం పక్కన మొక్కజొన్న ఉంటుందనుకుంటే గుమ్మడికాయ గుజ్జు వచ్చేది. ఆయన పల్లెత్తు మాట అనేవాడు కాదు. అందరూ చేతులు పట్టుకున్నాక తల వంచి, "ప్రభువా, ఈ డబ్బాలో ఏముందో నీకు తెలుసు, మాకు తెలీదు. ఏదైనా సరే, వందనాలు. ఆమెన్" అని ప్రార్థించి చెంచా అందుకునేవాడు.

పిల్లలకు మాత్రం రోజూ పండగే. ట్వైలా చేతిలో పడితే ఏదైనా పాఠమే కదా. డబ్బాలు తూచడం లెక్కలు. ఏటవాలు బల్ల మీద దొర్లించి ఏది ముందు కిందికొస్తుందో చూడటం సైన్సు. ఏడేళ్ల తిర్జా అయితే డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి దాని జాతకం చెప్పేది.

"నీళ్లెక్కువ, ముక్కలు పెద్దవి. పీచ్ పళ్లు."

తెరిస్తే పీచ్ పళ్లే. ఎప్పుడైనా తప్పితే మాత్రం ఒప్పుకునేది కాదు. "బఠాణీలే, కానీ పీచ్ పళ్లలా చప్పుడు చేశాయి. తప్పు వాటిది" అనేది.

లోవెల్‌కు ఒక్కటే భయం. "ఎప్పుడో ఒకరోజు కుక్కల తిండి డబ్బా వస్తుంది చూడు" అనేవాడు. ఎన్ని నెలలైనా అది రాలేదు. "దేవుడి దయ" అనేది ట్వైలా, అటు తిరిగి గిన్నె తోముకుంటూ.

ఈ డబ్బాలు ఇంట్లోనే ఉండి ఉంటే గొడవే లేదు. కానీ గురువారాలు ఉన్నాయి. పిల్లల్ని ఇళ్లలోనే చదివించుకునే కుటుంబాలన్నీ గురువారం చర్చి నేలమాళిగలో కలుస్తాయి. ఒక తల్లి లెక్కలు చెబుతుంది, ఇంకో తల్లి పాటలు నేర్పుతుంది. మధ్యాహ్నం అందరికీ కలిపి సూపు. ఇంటికి రెండు డబ్బాలు తేవాలి, అన్నీ ఒకే పెద్ద గిన్నెలో పడాలి. ట్వైలా డబ్బాల పుణ్యమా అని ఒకరోజు అందులో అనాస ముక్కలు కూడా పడ్డాయి.

"సూపు తియ్యగా ఉందేంటి?" అని అడిగింది ఆ తల్లుల్లో ఒకరైన లోర్నా.

"నీ నోరు మంచిది" అంది ట్వైలా.

కొరీన్ ఫాలెట్ ఆ గుంపులోకి కొత్తగా వచ్చింది. ఆకులు రాలే రోజుల్లో కుర్చీల ఫ్యాక్టరీ మూతపడి ఆమె భర్త వేడ్ పని పోయింది. పని పోయినవాళ్ల కోసం చర్చిలో ఒక సరుకుల గది ఉంది. మంగళవారం సాయంత్రం వెనక గుమ్మం నుంచి వెళ్లి ఒక సంచీ తెచ్చుకోవచ్చు. కొరీన్ తెచ్చుకునేది. ఆ సంగతి మూడో కంటికి తెలియకూడదన్నదే ఆమె బెంగంతా. తెలిస్తే అక్కడివాళ్లెవరూ ఒక మాట అనరు, ఆమెకు తెలుసు. జాలిగా చూస్తారు, గొంతు తగ్గించి పలకరిస్తారు. అంతకంటే నాలుగు మాటలు అనిపించుకోవడమే నయమని ఆమెకు అనిపించేది.

చిక్కేమిటంటే, దానంగా వచ్చిన డబ్బాలను ఎవరూ మళ్లీ దుకాణంలో ఇచ్చి డబ్బు తీసుకోకుండా లేబుల్ మీద నల్లటి గీత గీస్తారు. ఆ గీతలు గీసే సేవ ఈ గురువారాల గుంపులోని పిల్లలదే. కొరీన్ కొడుకు ఆసా కూడా అందులో ఉన్నాడు. నల్ల గీత ఉన్న డబ్బా ఏ బల్ల మీద కనబడినా అది ఎక్కడి నుంచి వచ్చిందో పాలుతాగే పిల్లకు తప్ప అందరికీ తెలిసిపోతుంది.

అందుకని మొదటి గురువారం కొరీన్ తన రెండు డబ్బాల లేబుళ్లను గోళ్లతో గీకి గీకి ఊడదీసి తెచ్చింది. బల్ల మీద పెట్టిందో లేదో ఒక పిల్ల అడగనే అడిగింది.

"ఆంటీ, మీ డబ్బాలకి బట్టల్లేవేంటి?"

గదిలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. అప్పుడు ట్వైలా వచ్చి ఒక డబ్బా చేతిలోకి తీసుకుని, దాన్ని బొటనవేలితో రుద్దుతూ, కిటికీలు అదిరే గొంతుతో అంది.

"సొట్టలు పడ్డ డబ్బాలు చవగ్గా అమ్మే దుకాణం, అక్కడే కొన్నావా? నేనూ అక్కడే కొంటా."

"అవును అక్కా, అక్కడే" అంది కొరీన్, తను కలలో కూడా చూడని ఆ దుకాణం గురించి.

మరుసటి గురువారం ట్వైలా తెచ్చినవీ బోడి డబ్బాలే. ఆ తర్వాతి వారమూ అంతే. తన అదృష్టం కొద్దీ ఈ ఊళ్లో ఇలాంటి పిచ్చి ఉన్న మనిషి ఒకామె ఉందని కొరీన్ సంబరపడింది. దేవుడు తన పరువును ఒక పిసినారి చేత కాపాడించాడనుకుంది.

క్రిస్మస్ వెళ్లాక కొత్త తలనొప్పి మొదలైంది. లోర్నా కూడా బోడి డబ్బాలతో దిగింది.

"నేనూ మీ దుకాణానికే వెళ్తున్నా" అంది లోర్నా. "సెడార్ రోడ్డు మీద కదా? ఎర్ర తలుపు. గుమ్మంలో మూడు కాళ్ల కుక్క."

కొరీన్ లోలోపల లెక్కేసుకుంది. ఈమె నిజంగానే వెళ్లి వచ్చినట్టుంది. తను వెళ్లలేదని ఇట్టే పట్టేస్తుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అనేసింది.

"ఆ కుక్క పేరు బిస్కెట్ కదూ?"

లోర్నా ఒక్క క్షణం కళ్లార్పకుండా చూసింది. "ఆ, బిస్కెట్టే. పాపం, మంచి కుక్క."

నోటికొచ్చిన పేరు అంటే అదే నిజమైనందుకు కొరీన్ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఇక ఆ దుకాణం వారం వారం పెరిగింది. దుకాణదారుకు దగ్గు పట్టుకుందని లోర్నా చెప్పింది. ఆయన కూతురి పెళ్లి కుదిరిందని కొరీన్ చెప్పింది. బిస్కెట్‌కు పేలు పట్టాయి, స్నానం చేయించారు, తగ్గాయి. ఇవన్నీ ట్వైలా నోరు తెరుచుకుని వినేది. ఆ దుకాణం మాట మొదట ఎత్తిన మనిషే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడగడం కొరీన్‌కు వింతగానే తోచింది.

"సెడార్ రోడ్డులో ఎడమ వైపా, కుడి వైపా?" అనేది ట్వైలా.

"వెళ్లేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి" అనేది లోర్నా.

మంచు కరిగిన తర్వాత ఒక గురువారం ట్వైలా చప్పట్లు కొట్టి అందర్నీ పిలిచింది. "వచ్చే వారం పిల్లలందరినీ ఆ దుకాణానికి తీసుకెళ్దాం. లెక్కల పాఠం అక్కడే. దారి లోర్నా, కొరీన్ చూపిస్తారు."

"లోర్నాకే బాగా తెలుసు" అంది కొరీన్ వెంటనే.

"నాదేముంది, కుక్క పేరు తెలిసింది నీకు. నువ్వే ముందుండాలి" అంది లోర్నా.

పిల్లలు అప్పుడే బిస్కెట్ మెడకు పట్టీ అల్లడం మొదలుపెట్టారు.

ఇంటికెళ్లి కొరీన్ భర్తతో చెప్పింది. "వెళ్లి ట్వైలాకి నిజం చెప్పేస్తా. పిల్లల ముందు దొరికిపోయే కంటే అదే మేలు."

"ఆ గొంతుకా?" అన్నాడు వేడ్. "ఆమెకి చెప్పడం, చర్చి గంట కొట్టడం ఒకటే."

అయినా కొరీన్ వెళ్లింది. ఇంట్లో పిల్లల అలికిడి లేదు. గుట్ట మీదికి పిట్టల్ని లెక్కపెట్టడానికి పంపారట. వెనక బట్టలుతికే గదిలో ట్వైలా పెద్ద తొట్టి ముందు చొక్కా చేతులు పైకి మడిచి నిలబడి ఉంది. వేడినీళ్లలో కొత్త డబ్బాలు. పైన తేలుతున్నవి లేబుళ్లు. ఎర్రటి పీచ్ పళ్లు, పచ్చటి బఠాణీలు, పసుపు మొక్కజొన్న. పక్కన, ఊళ్లోని పెద్ద సరుకుల దుకాణం సంచీ. ఒక్క డబ్బాకూ సొట్ట లేదు.

"అక్కా, ఏం చేస్తున్నారు?"

ట్వైలా ఉలిక్కిపడింది. "జిగురు మీద పాఠం."

"పిల్లలేరి?"

"టీచరు ముందు నేర్చుకోవాలి కదా."

కొరీన్ తేలుతున్న లేబుళ్లను చూసింది. ట్వైలా బొటనవేలిని చూసింది. మొదటి గురువారం ఆ వేలు తన డబ్బాను ఎందుకు అంతలా రుద్దిందో అప్పుడు అర్థమైంది.

"ఆ రోజు నా డబ్బా మీద కాగితం మిగిలిపోయింది కదూ?"

"చిన్న ముక్కే" అంది ట్వైలా. "దాని మీద నల్ల సిరా ఉంది. నీ మొహం చూశా. నోటికేదొస్తే అది అనేశా."

"మరి ఆ దుకాణం?"

"లేదు. పచ్చి అబద్ధం. అదొక్కటే ఆడాను, రెండోది ఆడలేదు. లేబుళ్లు ఊడదీశాక కళ్లు మూసుకుని డబ్బాలన్నీ కలిపేస్తా. ఇందులో ఏముందని ఎవరైనా అడిగితే తెలీదంటాను కదా, అది నిజం అవ్వాలిగా."

"ఇన్ని నెలలూనా? మీ ఇంటిల్లిపాదీ నా కోసం పొద్దున్నే బీట్‌రూట్ తిన్నారా?"

"బీట్‌రూట్ రక్తానికి మంచిది" అంది ట్వైలా.

కొరీన్‌కు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. నవ్వే ముందు బయటికొచ్చింది. ఆమె కూడా చొక్కా చేతులు పైకి మడిచి తొట్టిలో చెయ్యి పెట్టింది. పిసినారి అనుకున్న మనిషి నిండు ధర పెట్టి కొని, ఏం కొన్నదో తనకే తెలియకుండా చేసుకుంటోంది. ఇంత మంచి మనిషిని తను ఏమనుకుందో తలుచుకుంటే సిగ్గేసింది.

"ఒకటి చెప్పు" అంది ట్వైలా. "నువ్వు నా మాటకి అవునన్నది మొహమాటానికేనని తెలుసు. కానీ లోర్నా వెళ్లొచ్చింది కదా. తలుపు రంగుతో సహా చెప్పింది. నేనాడిన అబద్ధాన్ని దేవుడు కనికరించి నిజం చేశాడనుకున్నా. చవగ్గా దొరికితే నాకూ మేలే కదా. రెండుసార్లు సెడార్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెతికా. మూడు కాళ్ల కుక్క కనబడితే బండి ఆపుదామని."

"బిస్కెట్ అన్న పేరు నేను కల్పించింది అక్కా."

"మరి లోర్నా అవునంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోర్నా భర్త ఇళ్ల పైకప్పులు వేస్తాడు. చలికాలమంతా అతనికి పని ఉండదు.

"అయ్యో, పిచ్చి తల్లి" అంది ట్వైలా. ఆ గొంతు అంత మెల్లగా పలకగలదని కొరీన్‌కు అప్పుడే తెలిసింది.

గురువారం కొరీన్ తన రెండు డబ్బాలూ లేబుళ్లతోనే తెచ్చి బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టింది. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేదు.

"అమ్మా, ఈ గీత నేను గీసిందే" అన్నాడు ఆసా. "వంకరగా ఉంది చూడు."

చేతుల్లో పనులు ఆపి అందరూ అటు చూశారు. ట్వైలా వచ్చి ఆ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వంకరే. ఈసారి స్కేలు పెట్టి గియ్యి" అని దాన్ని మిగతా డబ్బాల పక్కన పెట్టింది. అంతే, అందరూ మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. లోర్నా మాత్రం ఆ డబ్బాను చాలాసేపు చూసింది. తర్వాత తన సంచీలోంచి ఒక బోడి డబ్బా తీసి దానికి ఆనించి పెట్టింది.

"అయితే ఇవాళ ఆ దుకాణానికి వెళ్లక్కర్లేదా?" అని అడిగింది నేల చూపులు చూస్తూ.

"దుకాణమే లేదు" అంది ట్వైలా పిల్లలందరికీ వినబడేలా. "నేనే అబద్ధమాడాను. తప్పు నాదే."

"మరి బిస్కెట్?" అంది తిర్జా. అల్లిన పట్టీ ఆమె చేతిలోనే ఉంది.

"బిస్కెట్ కూడా లేదమ్మా" అంది లోర్నా.

"మూడు కాళ్లు కూడా లేవా?"

"ఒక్క కాలు కూడా లేదు."

సరిగ్గా అప్పుడే లోవెల్ చర్చి గ్యాసు ట్యాంకు నింపి, సూపు కోసం కిందికొచ్చాడు. బల్ల మీద లేబుల్ ఉన్న డబ్బా చూసి అక్కడే ఆగిపోయాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని చదివాడు. "చిక్కుడు గింజలు." ఇంకోసారి చదివాడు. తర్వాత ఆశగా భార్య వైపు చూశాడు.

"ఇంక మనింట్లో కూడా ఇలాంటివేనా?"

"వచ్చే నెల ఇంకో కొత్త కుటుంబం వస్తోందట" అంది ట్వైలా. "ఎవరో, ఏం కష్టాల్లో ఉన్నారో. వాళ్లని చూశాక ఆలోచిద్దాం."

లోవెల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అలవాటు కొద్దీ తలూపాడు. అందరూ చేతులు పట్టుకున్నారు, కొరీన్ ఒక చేత్తో ట్వైలాను, రెండో చేత్తో లోర్నాను.

"ప్రభువా" అన్నాడు లోవెల్, "ఈ డబ్బాలో ఏముందో ఇవాళ నీతోపాటు నాకూ తెలుసు. చిక్కుడు గింజలు. వందనాలు."

ఆమెన్ అని అందరికంటే గట్టిగా అన్నది కొరీనే.