మగ్గం చెక్కతో చేసిన రైఫిల్

కాశిబుగ్గలో నాదొక వడ్రంగి షెడ్డు. చిన్నప్పుడు కౌబాయ్ సినిమాలు చూసి, గుర్రం లేకపోయినా సైకిల్ మీదే ఆ ఫోజులన్నీ కొట్టినవాణ్ణి. అలాంటి నా దగ్గరికి హైదరాబాద్ నుంచి సినిమా సెట్టింగుల మనిషి ఒకాయన వచ్చాడు. "క్లైమాక్స్‌ల హీరో చేతికి పాతకాలం రైఫిల్ కావాలన్నా. కౌబాయ్ సినిమాలకు దండం పెట్టినట్టుండాలె. డమ్మీనే, కానీ కట్టె మాత్రం పాతదే కావాలె" అన్నాడు. ఇక నేను ఆగుతానా?

నా కన్ను ముందుగదిలో ఉన్న అమ్మ మగ్గం మీద పడింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె నేత మానేసి చాలా కాలమైంది. నేసేటప్పుడు పోగు గట్టిగా కూర్చోడానికి ఎడమచేత్తో పట్టి లాగి కొట్టే బరువైన చెక్కను, అడగకుండా విప్పి కోసేశాను. నా బుద్ధి గడ్డి తింది. ఆమె పట్టు రాపిడికి నునుపు తేలిన గుంట ఒకటి దాని మీద ఉంది. "అది సాఫ్ చెయ్యన్నా" అన్నాడాయన. ససేమిరా అన్నాను.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది నెలలు. "నీ చెక్క సినిమాల కనబడ్తదే అమ్మా" అంటే, నా భార్య వైపు తిరిగి "సినిమాల ఉంటే ఏంది? నా మగ్గానికి లేదు గదా, చెప్పు వానికి" అంది.

విడుదల రోజు బతిమాలి హన్మకొండలో మార్నింగ్ షోకి తీసుకెళ్ళాను. ఇంటర్వెల్ దాటినా అన్నీ కొత్త మిషన్‌గన్నులే. మా రైఫిల్ సీను ఎడిటింగులో ఎగిరిపోయిందేమోనని నాకు చెమటలు పట్టాయి. అదే జరిగితే ఈ జన్మకు అమ్మ నాతో మాట్లాడదు.

చివరికి హీరో గన్నులన్నీ ఖాళీ అయ్యాయి. గోడకున్న తాత రైఫిల్ అందుకుని ఉఫ్‌మని దుమ్ము ఊదాడు. హాలంతా ఒకటే గోల! తెర నిండా మా చెక్కే! అతని వేళ్ళు సరిగ్గా ఆ గుంటలో కూర్చున్నాయి.

చీకట్లో అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "అరేయ్, గది నేను పట్టే జాగనే గదరా! గంత వదులుగ పట్టుకుంటే పోగు ఎట్ల కూసుంటది? జర గట్టిగ పట్టుమను వాణ్ణి!"

నేను సీటెక్కి ఈల వేశాను. వెనకవాళ్ళు అది హీరో కోసమే అనుకున్నారు.