గ్రీనిచ్ గీత మీద దిగిన ఫొటో

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో తూర్పుకి వెళ్ళే రైలెక్కి, హైదరాబాద్‌లోని తమ్ముడికి వీడియో కాల్‌లో నా లండన్ ప్రయాణం గురించి చెబుతున్నాను. గ్రీనిచ్‌లోని పాత అబ్జర్వేటరీ ఆవరణలో నేల మీద, ప్రపంచాన్ని తూర్పు, పడమరలుగా విడదీసే ఒక గీత ఉంటుంది. ప్రపంచంలోని గడియారాలన్నిటికీ లెక్క అక్కడే మొదలైంది. ఆ గీతకి చెరోవైపు కాలు వేసి దిగిన ఫొటో వాడికి పంపించాను.

"చూడు తమ్మీ, ఒక కాలు తూర్పుల, ఒక కాలు పడమట్ల! వీసా లేదు, చెకింగ్ లేదు!" అని గట్టిగా నవ్వాను.

ఎదురు సీట్లోని పెద్దావిడ, ఎందుకంత నవ్వుతున్నారని జర్మన్‌లో అడిగింది. కాల్ పెట్టేసి, ఫొటో చూపించి, అదే జోకు ఆమెకీ చెప్పాను. ఆమె నవ్వలేదు. కిటికీ బయట పచ్చటి చేను వైపు వేలు చూపింది.

"మా దేశం రెండుగా ఉన్నప్పుడు సరిహద్దు ఇక్కడే ఉండేది. మా అన్నయ్య ఒక రాత్రి తూర్పు నుంచి పడమరకి దాటబోయాడు."

"దాటారా?" అన్నాను.

"లేదు, కాల్చేశారు."

క్షమించమని గొణిగి, ఫొటో తీసెయ్యబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉంచుకోండి. గీత మీద నిలబడి మనిషి నవ్వుతుంటే చూడటం నాకిష్టమే."

తర్వాతి స్టేషన్‌లో నాతో చెయ్యి కలిపి దిగిపోయింది. వాళ్ళ అన్నయ్య పేరైనా అడగలేదని రైలు కదిలాక గుర్తొచ్చింది.