సీతాఫలం పూలలో పురుగులు

మా భాస్కర్ మావయ్య కొబ్బరి దింపు తీస్తాడు. చెట్టు మొవ్వులో దూరిన కొమ్ము పురుగును ఇనప కొక్కెంతో లాగి పారేయడంలో మా ఊళ్లో ఆయన తర్వాతే ఎవరైనా. అందుకే ఏ పురుగైనా ఆయనకు శత్రువే.

పక్కింటి వీరమ్మ గారి పెరట్లో సీతాఫలం చెట్లున్నాయి. కిందటేడు వేసవిలో వాటి పూలలో నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు కనిపించేసరికి, ఎవరూ అడగకుండానే మందు కొట్టాడు. పూత నిండుగా వచ్చినా పిందె నిలవలేదు. రాలిన పూలు చూసి, అరుగు మీద అందరి ముందూ అన్నాడు: “కొత్త కోడలు బయటున్న రోజుల్లో కూడా చెట్లు ముట్టుకుంటే ఇంతేనండీ మరి.”

కొందరు నవ్వారు. వీరమ్మ గారి కోడలు వీరవేణి మళ్లీ చెట్ల దగ్గరికి రాలేదు.

ఈ ఏడూ పూతతోపాటే పురుగులొచ్చాయి. ఇంకా గట్టి మందు కావాలని మావయ్య కొన్ని పూలు అగ్గిపెట్టెలో పెట్టుకుని, సీసా మీద పేరు చదవడానికి నన్ను వెంటబెట్టుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లాడు. అక్కడ పనిచేసే కరుణ గారు పూరేకు విప్పారు. పురుగు ఒంటి నిండా పుప్పొడి.

“ఇది ఒక పూవులోంచి ఇంకో పూవులోకి దూరితేనేనండీ పిందె కట్టేది. కొంపదీసి మందు కొట్టేరా?”

“ఆయ్,” అన్నాడు మావయ్య. దారంతా నా వైపు చూడలేదు. అరుగు మీద ఆ మాట అన్నది మా ఇంటి మనిషే కదా, నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి, వీరమ్మ గారి పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల వీరవేణి వదిన బియ్యం ఏరుతోంది.

“నీ చెయ్యి కాదమ్మా. నా మందు,” అని గొణిగాడు.

వదిన చేట మీంచి చూపు తిప్పలేదు. “ఆ రోజు అరుగు మీద చెప్పేరు కదండీ బాబాయ్ గారూ. ఇది పెరట్లో చెబుతారేంటండీ?”

మర్నాడు పెరటిని ఆనుకున్న వీరమ్మ గారి కొబ్బరి తోటలో దింపు. వీరమ్మ గారు, కాయలు పోగేసే ఆడవాళ్లు, కొనడానికొచ్చిన సుబ్బరాజు గారు అందరూ ఉన్నారు. మావయ్య చెట్టు దిగి, మొలతాడు సవరించుకుంటూ అన్నాడు: “కిందటేడు పిందెలు పోయింది నా మందు వల్లండీ. ఆ పిల్ల వల్ల కాదు.”

“చెట్టెక్కితే నీ గొంతు ఊరంతా వినపడుద్ది, ఇప్పుడేంటయ్యా గొణుగుతావు?” అన్నారు సుబ్బరాజు గారు.

మావయ్య గట్టిగా మళ్లీ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకు మరీ కష్టంగా ఉన్నట్టుంది.

వీరమ్మ గారు ఇంటివైపు తిరిగారు. “వేణీ, సీతాఫలం చెట్లకి నీళ్లు పొయ్యమ్మా.”

వదిన నీళ్ల బిందెతో వచ్చింది. మావయ్య అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చాడు.