మూడు చెంబులు ఒక్క చెంబయ్యేదాక

కురుమయ్య గురించి చెప్పాల్నంటే ముందుగాల ఆయన అడిగే ప్రశ్నల గురించే చెప్పాలె. కడుపుల ఇంత బువ్వ పడ్డదంటే సాలు, ఏదో ఒకటి అడుగుతడు. "అక్కా, అందరికంటె మొదలు పుట్టిన మనిషికి మంత్రసాని ఎవరే?" అంటడు. "నాకేం ఎరుక తమ్మీ, గా పురుటికి నన్ను పిలువలే" అంటుంటి నేను. నా నోరు జర దురుసు. అది బడిల అందరికి ఎరుకే.

నేను గోపమ్మను. దేవరకొండకు దగ్గర్ల మా ఊరు. గీ బడిల పిల్లలకు పగటి బువ్వ వండవట్టి ఇరవై ఏండ్లయింది. కురుమయ్య నాకు తోడబుట్టినోడు కాదు, మా ఇంటిపక్కోడు. గొర్లకాపరి. పడుసుతనంల గీ గుట్ట మీద నిలబడి కేకేస్తే ఆ గుట్ట మీది మంద మళ్ళుతుండె. ముప్పై ఏండ్లకు మోకాళ్ళు పట్టినయి. నలభైకి నడుము వంగింది. ఆ మీద మెడ బిగుసుకుంది. పక్కకు చూడాల్నంటే మనిషికి మనిషే తిరగాలె. మా బోరునీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉన్నదని, అది బొక్కలను పట్టి వంచుతదని మా ఊర్ల పాలు తాగే పిల్లకు గూడ తెలుసు. తెలిసి ఏం చేస్తం? గొంతెండినప్పుడు దూపకు తెలుస్తదా?

గొర్లు అమ్ముడుపోయినంక కట్టె పట్టుకొని నా వంటశాల కాడికి వచ్చుడు మొదలువెట్టిండు. అరుగు మీద కూసొని బియ్యంల రాళ్ళు ఏరుతడు, పిల్లలు తిన్నంక తను తింటడు. సైన్సు చెప్పే జాషువా సారు గూడ గాడనే డబ్బా ఇప్పుతడు. సారుది రామన్నపేట. మంచి మనిషి, ఎంత అడిగినా ఇసుక్కోడు. ఆయన దొరికిండు, ఇగ కురుమయ్యకు పండుగే.

కరోనా పోయి బడి తెరిచిన యాడాది సారు వంటశాల ఎదురుంగ గోడకు ఒక పటం కొట్టించిండు. ఒక కొసన కోతి, నడుమల వంగి నడిచేటోళ్ళు, ఆఖరుకు నిటారుగ నిలబడ్డ మనిషి. కురుమయ్య మనిషికి మనిషి తిరిగి శానసేపు చూసిండు.

"సారూ, గీ ఆఖరోడు నిలబడనీకె ఎన్నేండ్లు పట్టింది?"

"లక్షల ఏండ్లు కురుమయ్యా."

"నాకు గా ఆఖరోని కాడికెల్లి గీ నడిమిటోని కాడికి వాపసు రానీకె ఇరవై ఏండ్లే పట్టింది సారూ. నేనే జల్ది వచ్చిన."

సారు నవ్విండు, నేను నవ్విన, ఆయన గూడ గారపట్టిన పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు. నవ్వు ఆగినంక మెల్లగ అడిగిండు. "మరి నా వంపు నా మనుమరాలికి దిగుతదా?"

మనుమరాలు అక్షిత. కొడుకు పరశురాం, కోడలు పట్నంల బిల్డింగు పనికి పోతరు, పిల్లను తాత కాడ ఇడిసిపెట్టిపోయిన్రు. గప్పుడు దానికి ఐదేండ్లు. కాళ్ళు బాణాల్లెక్క ఉంటుండె. ఉరుకుతాంటే పట్టుకోనీకె నా తరం కాకపోతుండె.

"దిగదు" అన్నడు సారు. "తోక కోసిన కుక్కకు తోకలేని పిల్లలు పుడతయా? గిది గూడ గంతే. నీ వంపు నెత్తుర్ల లేదు కురుమయ్యా, నీళ్ళల్ల ఉన్నది."

ఆ మాట ఇన్నప్పుడు ఆయన మొఖం చూడాలె. ఇరవై ఏండ్లల్ల అట్ల చూడలే నేను. సారు పోయినంక నా చెయ్యి పట్టుకొని అన్నడు. "అక్కా, నాకింకేం వద్దు. గా పిల్ల నిటారుగ పెరగాలె. పెద్దగైనంక దాన్ని తెచ్చి గా ఆఖరి బొమ్మ పక్కపొంటి నిలబెడత. సారును పిలిచి చూపిస్త. అప్పటిదాక నేనేం చేసినా సారుకు చెప్పకు."

నీళ్ళ సంగతి తనే చూసుకుంట అన్నడు. చూసుకున్నడు గూడ. ఎట్లంటే, మరగబెట్టుడు. నీళ్ళు మరగబెట్టి తాగుమని అంగన్వాడీల చెప్తరు గద, అది పట్టుకున్నడు. ఉత్తగ మరిగితే వాంతులు, బేదులకు సరిపోతది, బొక్కల బీమారికి గంతల పోతదా అనుకున్నడు. మా దిక్కు కషాయం ఎట్ల కాస్తరు? మూడు వంతులు పోస్తే ఒక్క వంతు మిగలాలె. ఈయన గూడ గట్లనే మూడు చెంబుల బోరునీళ్ళు పోసి, ఒక్క చెంబయ్యేదాక మంట పెట్టిండు. ఆ వంగిన మనిషి, పొయ్యి కాడ కూసుంటే మళ్ళ లేవనీకె గోడ పట్టుకొని పావుగంట సేపు తండ్లాడే మనిషి, ఒక్కనాడు నాగా పెట్టలే. రెండేండ్లు.

బడిల నల్లా ఉన్నది. కృష్ణ నీళ్ళు. మా ఎగువ వాడకు ఎక్కయి గానీ బడి దాక వస్తయి, నేను వండేది ఆ నీళ్ళతోనే. పిల్లలందరు ఆ నల్లా కిందనే దోసిళ్ళు పట్టి తాగుతరు. అక్షిత మాత్రం తాగదు. "పచ్చినీళ్ళు తాగకు బిడ్డా, ఆ పైపు ఏ ఊర్ల పగిలిందో, ఏం కలిసిందో" అని తాత చెప్పి పంపిండు. అది బుద్ధిమంతురాలు. సీసల తాత కాసిన నీళ్ళు తెచ్చుకొని, అవే తాగుతుండె. దోస్తులు అడిగితే "గివి మా తాత మరగబెట్టిన మంచినీళ్ళు" అని గొప్పగ చెప్తుండె.

నేనేం చేసిన్నో చెప్పాలె. దాస్తే నోట్లె పురుగులు పడుతయి. "శభాష్ తమ్మీ, తల్లి గూడ ఇంత చెయ్యది" అన్న. బడిల మిగిలిన కట్టెలన్ని ఆయన ఇంటికి మోసిన. గోడ పక్కన నా నడుమెత్తు కుప్ప పోసిన.

యాడాది తిరిగేసరికి పిల్ల ఉరుకుడు తగ్గింది. రెండో ఏడు మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకోవట్టినయి. పొద్దుగూకితే కాళ్ళు గుంజుతున్నయని ఏడుస్తుండె. దేవరకొండ దవాఖానకు తోలుకపోతే మంచినీళ్ళు తాపుమన్నరు, గోళీలిచ్చిన్రు. కురుమయ్యకు సమజ్ కాలే. "అందరి పిల్లలకంటె నా పిల్లకే మంచినీళ్ళు తాపుతున్న గదనే అక్కా" అన్నడు. "రాత తమ్మీ" అన్న నేను. రాతనట రాత! నా నాలుక తెగ. ఆయన ఆ దినం నుంచి మూడు చెంబులు కాదు, నాలుగు పోసిండు.

చంద్రుని మీద మన రాకెట్ దిగిన దినాలు. పిల్లలందరు టీవీల చూసి గంతులేసిన్రు. అక్షిత గోడకు ఆనుకొని చప్పట్లు కొట్టింది. మరునాడు పగటి బువ్వ కాడ కురుమయ్య మొదలువెట్టిండు.

"సారూ, చంద్రుని మీద, అంగారకుని మీద మనుషులుంటరంట గద ఇగ? ఊరు కట్టుకుంటరా?"

"ఎప్పటికన్న కట్టొచ్చు."

"తాగనీకె నీళ్ళున్నయా?"

"గడ్డకట్టిన నీళ్ళున్నయట. గానీ అంగారకుని మట్టి నిండ విషం లెక్క ఉప్పులున్నయట, అవి కలిస్తే ఉత్తగ తాగరాదు."

కురుమయ్య నవ్విండు, ఏదో గెలిచినోని లెక్క. నా దిక్కు తిరిగి చూసిండు గూడ, చెప్పెయ్యాల్నా అన్నట్టు. "దానికేముంది సారూ. బాగ మరగబెట్టి తాగితే అయిపాయె."

"మరగబెడితే పురుగు సస్తది కురుమయ్యా. ఉప్పు ఏడికి పోతది? ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు కాదు. గోపమ్మను అడుగు. ఏం గోపమ్మా, చారు బాగ మరిగితే ఏమైతది?"

నేను గరిటె కడుగుతున్న. సోయి లేకుండ చెప్పిన. "ఏమైతది సారూ, ఉప్పెక్కుతది. నోట్లె పెట్టలేం."

చెప్పినంక గరిటె నా చేతులనే ఉన్నది. ఇరవై ఏండ్లు వండిన ముండను, చారు మరిగితే ఉప్పెక్కుతదని నాకు తెల్వదా? రోజు చూసేదే గద. రెండేండ్లు ఆ పొయ్యి మీది చెంబును చూస్కుంట గూడ నాకు ఆ ముక్క తట్టలే.

కురుమయ్య కలిపిన ముద్ద పళ్ళెంల ఇడిసిండు. "మన బోరునీళ్ళు గూడ గంతేనా సారూ? ఫ్లోరైడ్?"

"గంతే. మూడు చెంబులను ఒక్క చెంబు చేస్తే మూడు చెంబుల విషం ఆ ఒక్క చెంబులనే ఉంటది." సారు మాటవరుసకే అన్నడు. ఆయనకేం ఎరుక? మూడు చెంబులని ఎందుకన్నడో, ఆ లెక్కనే ఎట్ల నోటికొచ్చిందో దేవునికెరుక.

ఎదురుంగ నల్లా కాడ పిల్లలు నీళ్ళల్ల ఆడుతున్నరు. అక్షిత పక్కకు నిలబడి తన సీస ఎత్తి తాగుతున్నది. కురుమయ్య లేవబోయిండు. గోడ అందలే, కట్టె అందలే, అరుగు మీదికెల్లి బొక్కబోర్ల పడ్డడు. పడి, చేతుల మీద పాక్కుంటనే పోయిండు పిల్ల కాడికి. సీస గుంజి ఇసిరికొట్టిండు. ఎన్నడు కసిరి ఎరగని తాత గట్ల చేస్తే అది బెదిరి ఏడ్వవట్టింది.

జాషువా సారుకు అంత నేనే చెప్పిన. ఆయన పిల్లను దవాఖానల మళ్ళ చూపించిండు, తనే తోలుకపోయిండు. ఇగ చెడకుండ ఆపొచ్చు గానీ వంగినయి ఉత్తగ తిరిగిరావన్నరు.

కురుమయ్య ఇప్పుడు గూడ వస్తడు. రాళ్ళేరుతడు. గోడ మీది పటానికి వీపు పెట్టి కూసుంటడు. సారు తనంతట తానే "ఏం కురుమయ్యా, ఏమన్న అడుగు" అంటడు. "ఏం లేదు సారూ" అంటడు.

నల్లా నీళ్ళు నేనే బిందెతోని రోజు ఆయన ఇంటికి మోస్తున్న. మొదటి వారంల ఒక పొద్దు నేను బిందె దించుతుంటే అక్షిత చెంబుల నీళ్ళు జర తాగి మొఖం పక్కకు పెట్టింది. రుచి లేవట. తాత కాడికి పోయి, రాసుకునే మోకాళ్ళ మీద వంగి, ఆయన గదుమ పట్టుకొని అడిగింది.

"నాకు నీళ్ళు ఎందుకు కాస్తలేవు తాతా? నా మీద కోపమొచ్చిందా?"

"లేదు బిడ్డా" అన్నడు కురుమయ్య. "కట్టెలు అయిపోయినయి."

పిల్ల గోడ దిక్కు చూసింది. నా నడుమెత్తు కుప్ప అట్లనే ఉన్నది.

"గన్ని ఉన్నయి గద తాతా?" అన్నది.