ఊకపొగకు సాక్షి

నగరం చుట్టూ తిరిగే రైలు పజుండౌంగ్ స్టేషను దాటింది. ఒళ్లో అప్పడాల బుట్ట పెట్టుకున్న రాజ్యం తలెత్తితే, ఎదుటి బల్లమీద భీమరాజు! కారు దిగి ఎరగని బియ్యం మిల్లు యజమాని, చిక్కి సగమై, కిక్కిరిసిన పెట్టెలో ఒదిగి కూర్చున్నాడు.

ఆ మిల్లు ఊకపొగ పదేళ్లు ఆమె అప్పడాల మీద నుసి రాల్చింది. ఆమె మొగుడు లింగరాజు రొమ్ములోనూ రాల్చింది. అతను ఊపిరాడక పోయాక రాజ్యం మిల్లుకు వెళ్లి నిలదీసింది. భీమరాజు కూలీల ముందు పకపకా నవ్వాడు.

“గాలికి పేరుంటుందేటే? ఆ పొగ నాదేనని సాక్ష్యం ఎవడు చెప్తాడు?”

ఊకనిప్పు గుణం పొయ్యి రాజేసినవాళ్లకు తెలుసు. మంట కనబడదు, ఆరనూ ఆరదు. రాజ్యం కసీ అంతే.

ఆమె తమ్ముడి కొడుకు నరసింహం వాతావరణం ఆఫీసులో పని చేసేవాడు. జపాను వాళ్ల ఉపగ్రహం పంపే బొమ్మలు అక్కడికి వచ్చేవి. వీళ్ల తాతలు గోపాలపురం రేవులో ఓడెక్కి, డెక్కుమీద పడుకుని చుక్కల్ని చూస్తూ సముద్రం దాటి ఈ పరాయి దేశం వచ్చారు. మనవల కాలానికి ఆకాశమే మనుషుల్ని చూడటం మొదలెట్టింది!

“అది భూమితో పాటే తిరుగుతుందత్తా. అందుకే ఒక్కచోటే నిలబడి పొద్దస్తమానం మన నేలనే చూస్తుంది. తేటగా ఉన్న రోజు నేల ఎలా మెరిసిందో పెట్టుకుని, ఇవాళ్టి బొమ్మతో పోలిస్తే, తేడా ఉన్నదంతా దుమ్మూ పొగా.”

“అయితే ఆ రాజుగోరి పొగ దొరికిపోద్దన్నమాట!”

“లేదత్తా. బొమ్మలో ఒక్క చుక్కంటే మన పేటంతా. మిల్లూ, నీ పొయ్యీ అందులోనే. ఎవరి పొగో అది చెప్పలేదు.”

ఈ చివరి మాట రాజ్యం మింగేసింది. మిగతాది కుళాయి దగ్గర ఒలకబోసింది: “పైనుండి మిల్లు పొగ సూస్తన్నారట. బొమ్మలు పెద్దోళ్లకి ఎల్తన్నాయట.” సైనికుల ఏలుబడిలో తప్పు చేసినవాడు దొరకనక్కర్లేదు, తనను చూస్తున్నారనుకుంటే చాలు. మాట భీమరాజు చెవిన పడింది, మిల్లు మూతపడింది.

“రాజ్యమ్మా!” ఎదుటి బల్లమీంచి భీమరాజు ముందుకు వంగాడు. ఏటే అన్న నోరే, ఇప్పుడు అమ్మా అంటోంది. “ఆ బొమ్మల్లో నా మిల్లు ఇంకా కనబడుతోందా? బాయిలరు ఆర్పేశాను తల్లీ.”

“నిన్న కూడా అగుపడిందట బావూ.”

“నిప్పే లేదే! పొగెక్కణ్ణుంచి?”

“నాకేటి ఎరిక? సూసినది ఆకాశం.”

భీమరాజు చేతులు జోడించాడు. “కంటిమీద కునుకు లేదమ్మా. వీధిలో బూటు చప్పుడైతే గుండె జారిపోతోంది. ఆ ఆఫీసులో ఉన్న నీ మేనల్లుడితో ఒక్క మాట చెప్పు.”

చుక్కలో అందరం ఉన్నాం బావూ అంటే చాలు, మనిషి బతికిపోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటే, దిండు ఆనుకుని కూర్చునే ఊపిరి వెతుక్కున్న లింగరాజు గుర్తొచ్చాడు. రాజ్యం పళ్లు బిగించింది.

రైలు ఇన్సేన్‌లో ఆగింది. అక్కడి రైల్వే కార్ఖానా ఇళ్లలో ఆమె అప్పడాలు వాడుక. భీమరాజుకు మాత్రం సైనికులు పట్టుకున్నవాళ్లను తోసే ఆ ఊరి జైలే తోచింది.

“ఇక్కడ… ఇక్కడెవరితో పనమ్మా నీకు?”

రాజ్యం బుట్ట నెత్తికెత్తుకుంది. కిటికీలోంచి అతను అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె వెనుదిరగకుండా జనంలో కలిసిపోయింది.