పద్మ చేతుల రంగు

ఇవాళ సిద్దిపేట మార్కెట్‌లో గునుగుపూలు అమ్ముతున్నామె చేతులు గులాబీ రంగులో ఉన్నాయి. పూలు కొనకుండానే వచ్చేశాను. పద్మ గుర్తొచ్చింది.

మన ఏడో తరగతి వాళ్లు మర్చిపోయి ఉండరు. బతుకమ్మ పేర్చే ముందు రోజు పద్మ వాళ్ల వాకిట్లో సత్తు గంజులో రంగునీళ్లు కలిపి, తెల్లటి గునుగు కట్టలు ముంచేవాళ్లం. మనమంతా కట్టె కొసతో ముంచితే అది మాత్రం చేతులు పెట్టేసేది. "కట్టెతోని ముంచితే రంగు మంచిగ పట్టదే" అనేది. పండుగ దాటి వారమైనా దాని అరచేతులు ఎర్రగానే ఉండేవి.

ఉద్యోగానికి హైదరాబాద్ పోయినా ఆ అలవాటు పోలేదు. హాస్టల్ బకెట్‌లోనే గునుగు ముంచింది. సద్దుల బతుకమ్మ ఆడిన మర్నాడే దాన్ని ఎవరో చంపేశారు.

స్టేషన్‌లో వాళ్లమ్మను ఎస్సై మొదట అడిగింది ఇది: "చేతులకు ఆ రంగేంది? ఎవరితోని తిరిగేది?"

"గునుగుపూల రంగు సారూ. చిన్నప్పటి సంది గట్లనే ముంచుతది" అందామె. ఆయన ఆ మాట రాసుకోలేదు. ఆయన ఇంట్లో ఎవరూ బతుకమ్మ పేర్చరా?

ఏళ్లు గడిచినా కేసు తేలలేదు. చంపినవాడి చేతులు ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది పద్మ చేతులకే.